వెండి వైపు

మా పని గదిలో ఒక పెద్ద పెట్టె ఉంది. మంచమంత పొడుగు. ముందువైపు వాలుగా అద్దం, ఆ అద్దానికి పక్కపక్కనే రెండు జతల గుండ్రటి రంధ్రాలు, వాటికి భుజాల దాకా వచ్చే నల్లటి రబ్బరు తొడుగులు. ఎవరూ లేనప్పుడు ఆ తొడుగులు లోపలి ఒత్తిడికి ఉబ్బి బయటికి చాచుకుని, ఎత్తుకోమని మారాం చేసే పిల్లల చేతుల్లా ఊగుతుంటాయి. ఆ పెట్టెలో గాలి ఉండదు, ఆర్గాన్ అనే వాయువు ఉంటుంది. దానికి ఎవరితోనూ స్నేహం లేదు, పగా లేదు. అందులో పెట్టింది తుప్పు పట్టదు, తడవదు, పాతబడదు. మనుషులకి కూడా ఇలాంటి గది ఒకటి ఉంటే ఎంత బాగుండునో అని చాలాసార్లు అనుకున్నాను. అందులో ఊపిరాడదు కదా అని గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకునేదాన్ని.

ఆ పెట్టెలో చేతులు పెట్టి బ్యాటరీలు కట్టడం నా ఉద్యోగం. చొక్కా గుండీ అంత సెల్‌లు. అడుగున ఒక మూత, దాని మీద లిథియం అనే మెత్తటి లోహం ఉండే చోటు, దాని మీద పల్చటి పొర, పైన ఇంకో రేకు, ఆ పైన ఇంకో మూత. పగలంతా అదే పని. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నేను ఎక్కడెక్కడో తిరిగొస్తుంటాను. నేను పనిలో కలలు కంటానని ఆఫీసులో ఒక పేరుంది. కంటాను. కానీ నా చేత్తో మూసిన సెల్ ఒక్కటీ కారలేదు, ఆ మాట ఎవరూ అనరు.

లిథియానికి ఒక పాడు బుద్ధి ఉంది. చార్జి ఎక్కించినప్పుడు కుదురుగా పరుచుకుని కూర్చోదు. ఎక్కడో చిన్న బొడిపె లేస్తుంది. మిగతాదంతా ఎగబడి దాని మీదికే చేరుతుంది. బొడిపె ముల్లవుతుంది, ముల్లుకి కొమ్మలు వస్తాయి. డెండ్రైట్లు అంటారు. భూతద్దంలో చూస్తే ముద్దుగానే ఉంటాయి, వెండి చెట్లు మొలిచిన తోటలాగ. ఆ చెట్టు మధ్య పొరని పొడుచుకుని అవతలికి తగిలిందంటే సెల్ కథ ముగిసినట్టే. చిన్నదైతే చచ్చిపోతుంది, పెద్దదైతే తగలబడుతుంది.

మా అన్నయ్య ఈ రోగం మీదే పనిచేశాడు. దీనికి విరుగుడు వెతుకుతూ లోకంలో చాలామంది తిరుగుతున్నారు, ఈయనది ఈయన పద్ధతి. "పాపం, దానికి ఉండటానికి చోటు లేకే పైపైన ఎగబడుతోందే. ఇల్లు చూపిస్తే లోపలికి పోయి సర్దుకుంటుంది" అనేవాడు. అట్ట ముక్క అంత మందాన నల్లటి కర్బనం స్పాంజి బిళ్ళ చేసేవాడు. కంటికి ఆననంత చిన్న చిన్న గదులు, గదికీ గదికీ దారులు. దానికి ఒక వైపు మాత్రం వెండి రేణువులు పట్టించేవాడు. లిథియానికి వెండి అంటే ప్రాణం. వెండి వైపు అడుగున ఉంటే, లిథియం గదులన్నీ దాటుకుంటూ అడుగుకి పోయి, అక్కడి నుంచి ఒక్కో గదీ నింపుకుంటూ పైకి వస్తుంది. పొర దగ్గర ముల్లు మొలిచే పనే ఉండదు. ఇదీ ఆయన నమ్మకం. చూడటానికి మాత్రం ఆ బిళ్ళ రెండు వైపులా ఒకేలా నల్లగా ఉండేది.

ఒక్కో బిళ్ళా కదలకుండా కూర్చునే గుంటలున్న చిన్న పెట్టె నిండా బిళ్ళలు చేసి, మూత పెట్టి, నా బల్ల మీద ఉంచి, ఆసుపత్రికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఇంత మాట ఇంత పొట్టిగా చెబుతున్నానేమిటి అనుకోకండి, జరిగింది కూడా ఇంత పొట్టిగానే. కడుపులో మంట, ఏదో గ్యాసులే అంటూ మాట దాటేసిన మనిషి చూస్తుండగానే మంచమెక్కాడు. డాక్టరుకి ఎప్పటి నుంచో తెలుసు, అన్నయ్యకీ తెలుసు. తెలియనిది మా వదినకీ నాకూ. వదిన ఏడవలేదు. "నాకొక్క మాట చెప్పలేదు" అంది. తర్వాత కూడా బట్టలు మడతపెడుతూనో, పొయ్యి ఆపుతూనో, ఎవరితోనూ కాకుండా అదే మాట అనేది. నేను నా అద్దె గది ఖాళీ చేసి ఆవిడ దగ్గరికి వచ్చేశాను. మా ఆఫీసులోనే బ్యాటరీల్లో పోసే ద్రవాలు కలిపే పని ఆవిడది. వదినా మరదళ్ళు ఒకే ఇంట్లో, ఒకే ఆఫీసులో ఉండి జుట్లు పట్టుకోకపోవడం జనానికి పెద్ద వింత.

అన్నయ్య బిళ్ళలతో నేను సెల్‌లు కట్టడం మొదలుపెట్టాను. పరీక్ష గదిలో గీతల బాబాయ్ ఉంటాడు. పగలంతా కంప్యూటర్ తెర మీద గీతలు చూస్తూ కూర్చోవడం ఆయన పని, ఆ పేరు అలా వచ్చింది. గీత తిన్నగా పోతుంటే సెల్ బతికి ఉన్నట్టు. దబ్బున కిందికి పడితే లోపల ముల్లు గుచ్చుకున్నట్టు. అన్నయ్య సెల్‌లన్నీ దబ్బున పడ్డాయి. స్పాంజి లేని మామూలు రేకు కంటే కూడా ముందే. బాబాయ్ ప్రతిసారీ తానే పాపం చేసినట్టు మొహం పెట్టి వచ్చేవాడు. "ఇది కూడా పోయిందమ్మా" అని చెప్పి, వదిన వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు.

చివరికి మా పెద్దసారు పిలిపించారు. మంచి మనిషే, కాకపోతే మంచితనానికి కూడా గడువు పెట్టుకునే రకం. "మిగిలిన ఆ ఒక్క బిళ్ళా చూసేసి ఈ పని ఆపేద్దామమ్మా. ఆయన స్పాంజి కాల్చిన కొలిమి పక్క గదివాళ్ళు అడుగుతున్నారు" అన్నారు. వదిన సరేనంది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే, ఆ ఒక్క బిళ్ళా ఉన్న పెట్టె, మూతతో సహా, మా బట్టల బీరువాలో ఉంది.

"ఇదేంటి వదినా? దొంగతనం కాదూ?"

"అవును. పట్టుకుపోయి జైల్లో పెట్టమను."

"పెద్దసారు అడిగితే ఏం చెబుతావు?"

"పోయిందని చెబుతా. ఇంత ఉంటుంది, ఎక్కడ పడిపోయిందో అంటా." బీరువా తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడింది. "ఇది ఒక్కటి ఉన్నంతవరకు మీ అన్నయ్య ఓడిపోయినట్టు కాదు. ఇదీ పోతే ఇక ఆయన తప్పు అని రాసేసి మూసేస్తారు. అర్థమైందా?"

అర్థమైంది. అర్థమైనందుకే నాకు ఒళ్ళు మండింది. చచ్చిపోయిన మనిషి తప్పో ఒప్పో బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం తేలుతుందా? ఆ వారమంతా మేము అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ వంటగది గట్టు మీదికి మెల్లగా పాకి వస్తోంది. ఇల్లంతా బద్ధకంగా, సగం నిద్రలో ఉంది. దాహం వేసి అరలో ఉన్న గ్లాసు తీశాను. అది అన్నయ్య అర. ఆయన పోయినప్పటి నుంచి వదిన దాన్ని సర్దలేదు. గ్లాసులన్నీ ఆయన పెట్టినట్టే బోర్లించి ఉన్నాయి. ఆయనకదొక పిచ్చి. గ్లాసులు, గిన్నెలంటే సరే, ఫోటోలు, పుస్తకాలు, ఆఖరికి చేతి గడియారం కూడా బోర్లా పెట్టేవాడు. "మొహం మీద దుమ్ము పడకూడదే" అనేవాడు. "కాసేపు కదలకుండా కూర్చుంటే నన్ను కూడా బోర్లిస్తారు" అని వదిన నవ్వేది.

గ్లాసు తిప్పి నీళ్ళు పట్టబోయి ఆగిపోయాను.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. బిళ్ళకి పూత ఉన్న వైపు పైకి పెట్టి ఇవ్వాలి. కట్టేవాళ్ళు దాన్ని పట్టకారుతో ఎత్తి, తిప్పి, పూత అడుగుకి వచ్చేట్టు సెల్‌లో వేస్తారు. అందరూ అలాగే ఇస్తారు, నేను అందరివీ అలాగే వేస్తాను. చెప్పుకునేంత సంగతి కూడా కాదు. అన్నయ్య మాత్రం అందరిలాగా ఎందుకు పెడతాడు? వెండి మొహం మీద దుమ్ము పడకుండా, ముందే బోర్లించి పెట్టి ఉంటాడు. దాన్ని నేను మళ్ళీ తిప్పాను. వెండి పైకి వచ్చింది, పొర పక్కకి. లిథియం గదుల్లోకి పోకుండా గుమ్మం దగ్గరే గుంపు కట్టింది. ముళ్ళు మొలవక ఏం చేస్తాయి?

"వదినా" అన్నాను. గ్లాసు పట్టుకునే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

మర్నాడు పొద్దున్నే బీరువాలోని పెట్టె పట్టుకెళ్ళి మైక్రోస్కోపు గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. పెట్టెలో బిళ్ళ ఎలా పడుకుని ఉందో అలాగే ఎత్తి పెట్టాం. తెర మీద నల్లటి గదులు కనబడ్డాయి, ఒకదాని వెనక ఒకటి, లోపలికి లోపలికి పోతూ. దీపాలు ఆర్పేసిన ఊరిని మిద్దె మీద నుంచి చూస్తున్నట్టు ఉంది. వెండి జాడ లేదు. బయటికి తీసి తిప్పి పెట్టాం. గోడల నిండా తెల్లటి చుక్కలు, పిండి జల్లించినట్టు. ఆ చుక్కల మధ్య తిరుగుతూ ఉండిపోవచ్చనిపించింది నాకు.

వదిన నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. "బోర్లించేశారే మహానుభావుడు" అంది. నా చేతుల్తోనే పాడు చేశానని నేను మొదలుపెట్టబోతే అడ్డుకుంది. "ఆపు. చెప్పకపోవడం ఆయన వంతు, అడక్కపోవడం మన వంతు. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతేగా."

ఆ బిళ్ళతో సెల్ కట్టాను. ఈసారి తిప్పలేదు. ఆ కాసేపు ఎక్కడికీ పోకుండా, కలలు కనకుండా, నా చేతుల దగ్గరే ఉన్నాను. వదిన తను కలిపిన ద్రవం తనే చుక్కలుగా వేసింది. మూత బిగించి బాబాయ్ చేతిలో పెట్టాం.

గీత తిన్నగా పోయింది. మర్నాడూ తిన్నగానే ఉంది, ఆ వారమూ, పై వారమూ. బాబాయ్ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు, ఎవరో నిద్రపోతున్న గదిలోకి వచ్చినట్టు. పెద్దసారు ఒకసారి వచ్చి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, కొలిమి ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వెళ్ళారు.

వదిన భోజనం డబ్బా పట్టుకుని పరీక్ష గదికి మకాం మార్చింది. మధ్యాహ్నాలు ఆ తెర ముందు కూర్చుని తినేది. ఆ గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ ఉండదు, వేడి కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు అలాగే కునుకు పట్టింది.

కలలో నేను చాలా చిన్నదాన్ని. స్పాంజి లోపల నడుస్తున్నాను. కాళ్ళ కింద మెత్తగా ఉంది. గదులకి తలుపుల్లేవు. ముందు ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నారు, ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఒక్కో గదిలోకీ తొంగి చూసి, "ఇందులో చోటుంది, మీరు ఇందులోకి రండి, మీరు అందులోకి పదండి" అని ఎవరెవరినో సర్దుతున్నాడు. వాళ్ళు లోపలికి వెళ్ళగానే గోడలు మెరుస్తున్నాయి. "అన్నయ్యా, నాకేదీ గది?" అని అడిగాను. "తోసుకోకే, వెనక చాలామంది ఉన్నారు" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. మొహం చూద్దామని గబగబా నడిచాను. ఎంత నడిచినా గదులే. మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది. నా ఒంటి మీద వదిన శాలువా ఉంది. ఆవిడ గీత వైపే చూస్తోంది.

ఆ మధ్యాహ్నమే పెద్దసారు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. కొలిమిలో మళ్ళీ స్పాంజి చేయించబోతే చేసిందల్లా పొడిపొడి అవుతోంది, పొడి కానిది సెల్‌లో వేస్తే ముల్లు గుచ్చుకుని పోతోంది. అన్నయ్య చేతి అంచనా ఎవరికీ తెలియదు. వెండి ఎంత లోతు వరకు ఉంది, లిథియం ఏ గదిలో ఎంత చేరింది, చూస్తేగాని తెలియదు. చూడాలంటే సెల్ కోయాలి.

"నడవనివ్వండి సార్. ఎంతకాలం నడుస్తుందో చూద్దాం" అంది వదిన.

గీతల బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు గీత పడుతుందమ్మా. ఏ సెల్‌కైనా అంతే. తనంతట తాను చచ్చిపోయాక తెరిస్తే లోపల ముద్దగా ఉంటుంది, ఏమీ తెలియదు. బాగున్నప్పుడే, చార్జి నిండుగా ఉన్నప్పుడే తెరవాలి."

వదిన లేచి వెళ్ళిపోయింది. ఇంట్లో నేను ఊరుకోలేదు. నా నోరు అసలే మంచిది కాదు. "అన్నయ్య చేసింది నిజమని నలుగురికీ తెలియడం కావాలా నీకు, లేక ఆ తెర ముందు కూర్చుని అన్నం తినడం కావాలా?" అనేశాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "ఆయన చేసిన పని ఇంకా జరుగుతోందే అక్కడ" అంది. "అన్నీ ఆగిపోయాయి. ఆయన ఫోను ఆగిపోయింది, బండి ఆగిపోయింది. అదొక్కటే నడుస్తోంది. దాన్ని నా చేత్తో ఆపమంటారేంటి?"

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత ఆ మాట నేనూ ఎత్తలేదు, పెద్దసారూ ఎత్తలేదు. వదిన రోజూ గీత ముందు కూర్చునేది. కొన్నాళ్ళకి ఆవిడ కళ్ళు గీత మీద కాక, అది ఎక్కడ పడుతుందోనని దాని చివర మీదే ఉండటం గమనించాను. ఆసుపత్రిలో అన్నయ్య మంచం పక్కన కూర్చున్నప్పుడూ అలాగే చూసేది. ఆ రోజుల్లో ఆవిడ తిన్నదేమీ లేదు. ఇప్పుడూ డబ్బా తెరిచింది తెరిచినట్టే మూసేస్తోంది.

ఒక పొద్దున బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెరుద్దాం" అంది. "ఎప్పుడు పోతుందా అని కాపలా కాయడం నా వల్ల కాదే. ఒకసారి కాశాను, చాలు."

తొడుగుల పెట్టె ముందు ఇద్దరం భుజం భుజం ఆనించి కూర్చున్నాం. నా చేతులు ఒక జత తొడుగుల్లో, ఆవిడ చేతులు ఇంకో జతలో. చార్జి నిండుగా ఉన్న సెల్ అన్నయ్య చేసిన చివరి బిళ్ళతో మా మధ్య ఉంది. పెద్దసారూ, బాబాయ్ వెనక దూరంగా నిలబడ్డారు. కటింగ్ ప్లయర్ నేను పట్టుకున్నాను గాని సెల్ అంచు దాకా తెచ్చి ఆగిపోయాను. వదిన దాన్ని నా చేతిలోంచి తీసుకుని అంచు వెంట నొక్కుకుంటూ వచ్చింది. మూత ఊడింది. పై రేకు తీశాం. పొర తడితడిగా అంటుకుని ఉంది, నేను దాన్ని పట్టకారుతో మెల్లగా ఒలిచాను.

కింద స్పాంజి నల్లగా ఉంది. చేసిన రోజు ఎలా ఉందో అలాగే. బూజు లేదు, నూగు లేదు, ఒక్క ముల్లు లేదు. లోపల ఏమీ చేరలేదేమో అనుకున్నాను. వదిన బ్లేడు తీసుకుని నిలువుగా కోసింది. కోసిన చోట భూతద్దం పెట్టాను.

నిండా వెండిలా ఉంది. అడుగు నుంచి మొదలుపెట్టి, గదీ గదీ నింపుకుంటూ, పైకి వచ్చి, పై అంచు కింద బుద్ధిగా ఆగిపోయి ఉంది లిథియం. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు.

"పైన చూస్తే ఏమీ లేదు వదినా" అన్నాను. "లోపలేమో ఇంత."

"ఉండదు" అంది. భూతద్దం మీంచి కళ్ళు తీయలేదు. "మీ అన్నయ్య చేతిది కదా. లోపల ఎంత ఉన్నా పైకి కనిపించనిచ్చారా ఎప్పుడైనా?"

అలా అంటూనే ఏడ్చింది. ఇన్నాళ్ళూ రానిది, చప్పుడు లేకుండా, ఆగకుండా వచ్చింది. నీళ్ళు చెంపల మీంచి గడ్డం మీదికి జారి, అద్దం మీద పడుతున్నాయి. తుడుచుకోవాలంటే చేతులు తొడుగుల్లోంచి బయటికి తీయాలి. తీయాలంటే పట్టుకున్న ముక్క వదలాలి. వదిన వదల్లేదు. మొహం నా వైపు వంచి, నా భుజానికేసి రుద్ది, ఈ చెంపా ఆ చెంపా తుడుచుకుంది. నా చొక్కా తడిసిపోయింది. అప్పటికి నాకూ కళ్ళు కనబడటం లేదు.

"మరి నావెవరు తుడుస్తారు?" అన్నాను.

"నాకు భుజం లేదా?" అంది వదిన.